ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో గ్రామీణ విద్య, వృత్తి శిక్షణ

ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలోని మైదాన గ్రామాలు, మత్స్యకార పల్లెలు, మన్యం గూడేలకు చెందిన పేద పిల్లలకు, యువతీయువకులకు చదువును, చేతిపనిని అందించుటకు జరిగిన కృషిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఓడరేవు, నౌకా నిర్మాణ కేంద్రం, ఉక్కు కర్మాగారం ఒకే నగరంలో ఉన్న ఈ జిల్లాలో పరిశ్రమలకు కొదువ లేదు. అయినను ఆ పరిశ్రమలలో నైపుణ్యం గల ఉద్యోగానికి చేరుకొనుటకు గ్రామీణ విద్యార్థి దాటవలసిన మెట్లు చాలా ఉన్నాయి. ఆ మెట్లలో అధిక భాగం కర్మాగారం గేటు వద్ద కాక ప్రాథమిక పాఠశాలలోనే మొదలవుతాయి.

2022 ఏప్రిల్ 4న ఈ జిల్లాను విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించారు. ఈ వ్యాసంలో "జిల్లా" అనగా అంతకు పూర్వపు ఉమ్మడి జిల్లా అని గ్రహించవలెను.

నేపథ్యం

జిల్లా మూడు భిన్నమైన మండలాలుగా కనిపిస్తుంది. తూర్పున సముద్రతీరం, మధ్యలో అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం వంటి ఊళ్ళతో కూడిన వ్యవసాయ మైదానం, పడమట తూర్పు కనుమలలోని మన్యం. పాడేరు, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి, ముంచింగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు అను 11 పరిపాలనా మండలాలు ఏజెన్సీ ప్రాంతంలో ఉన్నాయి. విస్తీర్ణంలో ఇవి జిల్లాలో సగానికి పైగా ఉండగా, 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగల వారు సుమారు 14 శాతం. బగత, కొండదొర, కోదు, పోర్జ, గదబ, వాల్మీకి, కోటియ, కమ్మర మొదలైన తెగలవారు ఇచ్చట నివసిస్తున్నారు.

అదే జనగణనలో జిల్లా అక్షరాస్యత సుమారు 67 శాతంగా నమోదైనది. ఇది నాటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ సగటుతో దాదాపు సమానం. జనాభాలో సగానికి దగ్గరగా పట్టణవాసులు ఉండి, విశ్వవిద్యాలయం కూడా గల జిల్లా రాష్ట్ర సగటును మించలేకపోవుటకు కారణం గ్రామాలు, మన్యం వెనుకబడి ఉండుటయే. జిల్లా సగటు అంకె నగరానికి, కొండకు మధ్య గల అంతరాన్ని కప్పివేస్తుంది.

పరిశ్రమలు, పల్లెలు

విశాఖపట్నం ఓడరేవు 1933లో ప్రారంభమైనది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ నౌకా నిర్మాణ కేంద్రాన్ని స్థాపించారు. ఇదియే తరువాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినది. 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని అరకులోయ మీదుగా ఓడరేవుకు చేర్చింది. ఆ విధంగా ఖనిజం ప్రతిదినం కొండ దిగి రేవుకు చేరుచున్నను, ఆ దారి పక్కన ఉన్న గూడేల పిల్లలు నగరంలోని సాంకేతిక విద్యాసంస్థలకు చేరుటకు దశాబ్దాలు పట్టింది.

1966లో జరిగిన "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం ఫలితంగా 1970లో ఉక్కు కర్మాగారం ప్రకటింపబడి, 1971 జనవరిలో శంకుస్థాపన జరిగినది. 1992లో దీనిని జాతికి అంకితం చేశారు. కర్మాగారం కొరకు అనేక గ్రామాల ప్రజలు భూములను కోల్పోయి నిర్వాసితులైనారు. భూమి ఇచ్చిన కుటుంబాలకు ఉద్యోగం అనునది అప్పటి నుండి నడచుచున్న ప్రధానమైన కోరిక. కాని సేద్యం తప్ప మరొక పని నేర్వని కుటుంబంలోని యువకునికి ఉక్కు కర్మాగారంలో ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను ఉద్యోగం లభించవలెనంటే పదవ తరగతి, దానిపై ఐ.టి.ఐ. ధ్రువపత్రం అవసరం. పరిశ్రమ ఇంటి ముంగిటికి వచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇంటిలోనికి రాదని, నడుమ పాఠశాల ఉండవలెనని ఈ అనుభవం తెలుపుచున్నది.

తొలి ప్రయత్నాలు

కళింగాంధ్రలో గిరిజన విద్యకు ఆద్యునిగా గిడుగు వెంకట రామమూర్తిని (1863 - 1940) చెప్పవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేయుచు ఆయన సవర భాషను నేర్చుకొని, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పాఠశాలలు నెలకొల్పి, వాచకాలు రచించారు. ఆయన కూర్చిన సవర - ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడినది. వాడుక భాషోద్యమ నాయకునిగా ప్రసిద్ధుడైన గిడుగు, ఇంటి భాషకు దూరమైన చదువు పిల్లవానికి అందదను విషయాన్ని సవర పిల్లల విషయంలోనూ గుర్తించారు.

ఇదే మార్గంలో నాటి హైదరాబాదు రాజ్యంలో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రాన్ని ఏర్పాటు చేయించి, గోండీ వాచకాలు తయారు చేయించారు. తెగలోని యువకులనే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుట ఈ పథకం ప్రత్యేకత.

పాఠశాల విద్య విస్తరణ

ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు

మన్యంలో గూడేలు కొండవాలులందు విడివిడిగా ఉంటాయి. కొన్నింటిలో పది, ఇరవై ఇళ్ళకు మించి ఉండవు. వర్షాకాలంలో వాగులు పొంగినచో పొరుగు గ్రామంలోని బడికి కూడా వెళ్ళుట కష్టం. అందువలన భోజనం, వసతి, బోధన ఒకేచోట లభించు ఆశ్రమ పాఠశాల ఇచ్చట ముఖ్యమైన విద్యాసంస్థగా రూపొందినది. పాడేరు కేంద్రంగా గల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.) పరిధిలో ఇవి నడుస్తున్నాయి.

ప్రతిభ గల పేద విద్యార్థులకు వసతితో కూడిన ఉన్నత ప్రమాణాల విద్యను అందించు గురుకుల పాఠశాల విధానం రాష్ట్రంలో 1971లో నల్గొండ జిల్లా సర్వేలు పాఠశాలతో మొదలైనది. పి.వి.నరసింహారావు దీనికి ప్రేరకుడు. గిరిజన విద్యార్థుల గురుకులాల నిర్వహణకు 1999లో ప్రత్యేక సంస్థ ఏర్పడినది. కేంద్ర ప్రభుత్వం 1997-98లో ఏకలవ్య ఆదర్శ గురుకుల పాఠశాలల పథకాన్ని, 2004లో బడి మానిన బాలికల కొరకు కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పథకాన్ని ప్రారంభించినది. గ్రామీణ విద్యార్థులకు ఉద్దేశించిన జవహర్ నవోదయ విద్యాలయం విశాఖపట్నం సమీపాన కొమ్మాదిలో కలదు.

మాతృభాషలో బోధన

మన్యంలో అనేక కుటుంబాల ఇంటి భాష తెలుగు కాదు. కువి, కొండ, ఆదివాసీ ఒరియా మొదలైనవి వారి వాడుక భాషలు. ఆరేళ్ళ పిల్లవాడు బడిలో అడుగు పెట్టిన మొదటి రోజున ఉపాధ్యాయుని మాట అర్థం కాక, అతని మాట ఉపాధ్యాయునికి అర్థం కాక మౌనంగా కూర్చుండుట తరచుగా జరిగేది. దీనిని తొలగించుటకు 2000వ దశకం మధ్యలో ఆంధ్ర ప్రదేశ్‌లో 8 గిరిజన భాషలలో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైనది. తెలుగు లిపిలోనే ఆయా భాషల వాచకాలను తయారు చేసి, తొలి తరగతులను ఇంటి భాషలో బోధించి, క్రమంగా తెలుగులోనికి తీసుకొని వచ్చుట ఇందలి పద్ధతి.

స్థానిక ఉపాధ్యాయులు

షెడ్యూల్డు ప్రాంతాలలోని ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజనులకే కేటాయించుచు 2000 జనవరిలో నాటి ప్రభుత్వం జి.ఓ. 3 జారీ చేసినది. మైదానం నుండి నియమితులైన ఉపాధ్యాయులు సక్రమంగా హాజరు కాకపోవుట దీనికి చూపిన కారణాలలో ఒకటి. దీని వలన గిరిజన యువతకు గ్రామంలోనే గౌరవప్రదమైన ఉద్యోగం లభించినది. నూరు శాతం రిజర్వేషను రాజ్యాంగ విరుద్ధమని 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు ఈ ఉత్తర్వును కొట్టివేసినది. అయితే అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కొనసాగనిచ్చినది. ఈ తీర్పు తరువాత స్థానికులకు ఉద్యోగ రక్షణ కల్పించు చట్టం కావలెనని గిరిజన సంఘాలు కోరుతూ వచ్చాయి.

పిల్లలను బడిలో నిలుపు పథకాలు

- మధ్యాహ్న భోజనం: 2003 జనవరి నుండి రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనం పెట్టుట మొదలైనది.
- విద్యాహక్కు చట్టం: 2010 ఏప్రిల్ 1 నుండి 6 - 14 సంవత్సరాల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కుగా అమలులోనికి వచ్చినది.
- నాడు - నేడు: 2019 నవంబరులో ప్రారంభమైన ఈ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల భవనాలు, మరుగుదొడ్లు, తాగునీటి వసతులు మెరుగుపరచబడినవి.
- తల్లులకు ఆర్థిక సహాయం: పిల్లలను బడికి పంపు తల్లులకు ఏటా నగదు ఇచ్చు అమ్మ ఒడి పథకం 2020 జనవరిలో ప్రారంభమైనది. ఇదే ఉద్దేశంతో 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం మొదలైనది.

బాలకార్మికులను బడికి తెచ్చుటలో రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి ఎం.వి.ఫౌండేషన్ చేసిన కృషి రాష్ట్రమంతటికీ మార్గదర్శకమైనది. బడి మానిన పిల్లలను కొన్ని నెలలు వసతి శిబిరంలో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్చుట ఈ సంస్థ విధానం. దీనికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించినది.

వృత్తి శిక్షణ

ఐ.టి.ఐ., పాలిటెక్నిక్, అప్రెంటిస్ శిక్షణ

నగరంలోని కంచరపాలెంలో ప్రభుత్వ ఐ.టి.ఐ., ప్రభుత్వ పాలిటెక్నిక్ కలవు. మన్యంలో అరకులోయలో ఐ.టి.ఐ., పాడేరులో వసతితో కూడిన ప్రభుత్వ ఆదర్శ పాలిటెక్నిక్ ఏర్పడినవి. ఐ.టి.ఐ.లో ఫిట్టరు, ఎలక్ట్రీషియను, వెల్డరు, డీజిల్ మెకానిక్ మొదలైన ట్రేడులు బోధిస్తారు. ట్రేడును బట్టి శిక్షణ ఒకటి లేక రెండు సంవత్సరాలు ఉంటుంది.

ఐ.టి.ఐ. ముగించిన వారికి 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం పరిశ్రమలలో స్టైపెండుతో కూడిన శిక్షణ లభిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్ ఇట్టి శిక్షణను ఇచ్చు సంస్థలు. యంత్రం మీద చేయి తిరుగుటకు ఇది ఉత్తమ మార్గమైనను, అప్రెంటిస్ శిక్షణ పూర్తి చేసినంత మాత్రాన అదే సంస్థలో ఉద్యోగం ఇవ్వవలెనను నిబంధన లేదని విద్యార్థులు గమనించవలెను.

స్వల్పకాలిక శిక్షణ

పదవ తరగతి, ఇంటర్మీడియట్‌తో చదువు ఆపిన గ్రామీణ యువతకు కొన్ని వారాల శిక్షణ ఇచ్చి ప్రైవేటు రంగంలో ఉద్యోగం చూపుటకు 2005లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ ఆధ్వర్యంలో ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ (ఇ.జి.ఎం.ఎం.) ఏర్పడినది. 2014 సెప్టెంబరు 25న కేంద్రం ప్రకటించిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన కూడా ఈ కోవకు చెందినదే. సాధారణంగా 15 - 35 సంవత్సరాల గ్రామీణ పేద యువత దీనికి అర్హులు. శిక్షణ పొందిన వారిలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపవలెనని ఈ పథకం నిబంధన.

అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని వస్త్ర పరిశ్రమలలో చుట్టుపక్కల గ్రామాల మహిళలు వేలాదిగా పనిచేస్తున్నారు. వీరిలో చాలామందికి ఇదే తొలి నెలజీతం.

ఉన్నత సాంకేతిక విద్య

గ్రామీణ విద్యార్థుల కొరకు 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం స్థాపింపబడినది. పదవ తరగతి మార్కుల ఆధారంగా ఆరేళ్ళ సమీకృత ఇంజనీరింగు విద్యలో ప్రవేశం ఇచ్చుట, వసతి లేని ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు ప్రవేశంలో అదనపు ప్రాధాన్యం ఇచ్చుట దీని ప్రత్యేకతలు. 2016లో శ్రీకాకుళం ప్రాంగణం ప్రారంభమగుటతో ఉత్తరాంధ్ర విద్యార్థులకు ఇది చేరువైనది. 2019లో ఆంధ్ర విశ్వవిద్యాలయ మార్గదర్శకత్వంలో విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం తరగతులు మొదలైనవి.

విద్యార్థులు ఆగిపోవు మెట్లు

గూడెంలోని బడి నుండి నగరంలోని కర్మాగారం వరకు గల దారిలో విద్యార్థులు ముఖ్యంగా నాలుగు చోట్ల ఆగిపోతారు.

1. ఒకటి, రెండు తరగతులు: ఇంటి భాష వేరు, బడి భాష వేరు. చదువుట రాకుండానే పై తరగతికి వెళ్ళిన పిల్లవాడు తరువాత అందుకొనలేడు.
2. ఐదవ తరగతి తరువాత: గూడెంలో ప్రాథమిక పాఠశాల మాత్రమే ఉండుట వలన వసతి గృహం దొరకనిచో చదువు ఆగుతుంది. బాలికల విషయంలో ఈ ఇబ్బంది ఎక్కువ.
3. పదవ తరగతి: గణితం, భౌతిక శాస్త్రాలలో పునాది లేనివారు ఉత్తీర్ణులైనను ఐ.టి.ఐ.లో కొలతలు, పటములు అర్థం చేసుకొనలేరు. తీరప్రాంతంలో ఈ వయసుకే బాలురు వేటకు వెళ్ళుట మొదలుపెడతారు.
4. మొదటి ఉద్యోగం: నగరంలో గది అద్దె, భోజనం ఖర్చులు తీసివేయగా మిగులు స్వల్పం. పంట కోతలకు, ఇంటి అవసరాలకు ఊరికి వెళ్ళినవారు తిరిగి రాకపోవుట సాధారణం.

వీటిలో మొదటి మూడు మెట్లు పాఠశాలకు సంబంధించినవే. మూడు నెలల శిక్షణ పది సంవత్సరాల చదువు లోటును పూడ్చజాలదు. కావున వృత్తి శిక్షణ కేంద్రాల సంఖ్యను పెంచుటతో పాటు తొలి తరగతుల బోధనను, వసతి గృహాలను బలపరచుట అవసరం.

సమత తీర్పు

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై సమత అను స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంలో 1997 జులై 11న సుప్రీం కోర్టు తీర్పు వెలువరించినది. షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు ప్రభుత్వ భూములను లీజుకు ఇచ్చుట చెల్లదన్నది దీని సారాంశం. పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతాన్ని పాఠశాలలు, ఆసుపత్రులు, నీటి వనరులు, రహదారుల కొరకు శాశ్వత నిధిగా వేరుచేయవలెనను అంశం కూడా ఈ తీర్పులో ఉన్నది. ప్రాంత వనరుల నుండి వచ్చు ఆదాయంలో ఆ ప్రాంతపు పిల్లల చదువుకు వాటా ఉండవలెనను వాదానికి ఇది ఆధారంగా నిలిచినది.

కాలరేఖ

- 1926 - ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థాపన
- 1933 - విశాఖపట్నం ఓడరేవు ప్రారంభం
- 1971 - ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. సర్వేలు గురుకుల పాఠశాల ప్రారంభం
- 1997 - సమత తీర్పు
- 1999 - గిరిజన గురుకులాల సంస్థ ఏర్పాటు
- 2000 - జి.ఓ. 3 జారీ
- 2008 - రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ స్థాపన
- 2010 - విద్యాహక్కు చట్టం అమలు
- 2020 - జి.ఓ. 3 రద్దు
- 2022 - జిల్లా పునర్వ్యవస్థీకరణ

ఇవి కూడా చూడండి

- విశాఖపట్నం జిల్లా
- పాడేరు
- గిడుగు వెంకట రామమూర్తి
- విశాఖ ఉక్కు కర్మాగారం
- శాంతా సిన్హా