డాల్డా తెలిస్తేనే తెలివా?

‘క్రిస్కో’ అంటే ఏమిటి? మందా, టూత్‌పేస్టా, తినే వస్తువా? 1917లో అమెరికా సైన్యంలో చేరినవాళ్ళ తెలివిని కొలవడానికి అడిగిన ప్రశ్నల్లో ఇదొకటి. మన డాల్డాలాంటి వంటసరుకు లెండి! నిన్నగాక మొన్న ఓడ దిగిన ఇటలీ కుర్రాడికి అదెలా తెలుస్తుంది? పాపం, మార్కులు తగ్గాయి.

ఆ మార్కులు పట్టుకుని ప్రిన్స్‌టన్ పండితుడు కార్ల్ బ్రిగమ్, తెలివి జాతినిబట్టి పుట్టుకతోనే వస్తుందనీ, ఉత్తర యూరప్ వాళ్ళే మేటి అనీ 1923లో పుస్తకమే రాశాడు. మరుసటేడు వచ్చిన వలస చట్టం దక్షిణ, తూర్పు యూరప్ వాళ్ళకి తలుపులు దాదాపు మూసేసింది.

1930లో బ్రిగమే తన వాదానికి పునాది లేదని ఒప్పుకున్నాడు. ఏం లాభం? ఆ కోటాలు పోవడానికి 1965 దాకా పట్టింది!

మార్కులు చూసి పుట్టుకను తూచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ముందు ప్రశ్నపత్రం చూపించమనండి!