కుట్టుమిషను మీద పూలకుట్టు – దాని పుట్టుపూర్వోత్తరములు

శతాబ్ది సంచికలో దేవాలయములను గూర్చి, పాఠశాలలను గూర్చి, ఆసుపత్రులను గూర్చి, వాటిని నిలిపిన పెద్దలను గూర్చి వ్రాయుట మన ఆచారము. అది తగినదే. మేము మాత్రము ప్రతి ఆదివారము అందరి కన్నుల ఎదుట ఉండియు, ఎవరును చరిత్ర అడుగని ఒక పనిని గూర్చి వ్రాయదలచినాము. ప్రభువు బల్ల గుడ్డ అంచున ద్రాక్షతీగ, పుల్పిటు తెర మీద సిలువ, బాప్తిస్మపు గౌను మెడచుట్టు చిన్న పూల వరుస – ఇవి మిషను మీద ఎట్లు వచ్చుచున్నవి? చక్కగా గీతవలె కుట్టుటకే పుట్టినదనుకొను యంత్రము పూవును ఎట్లు కుట్టగలదు?

ఈ పని చిన్నదని తలంచువారికి వేదములోని ఇద్దరిని జ్ఞాపకము చేయుచున్నాము. ప్రత్యక్షపు గుడారపు పనిలో బెసలేలుకు తోడైన అహోలీయాబు బుటాపని చేయువాడని నిర్గమకాండము 38వ అధ్యాయము చెప్పుచున్నది. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపినది ఆమె కుట్టిన అంగీలనే. కుట్టుపని చేసినవారి పేర్లను వేదము మరువలేదు.

మన ప్రాంతములో 'మిషను' అను మాటకు రెండర్థములున్నవి. ఒకటి సువార్త మిషను, రెండవది కుట్టుమిషను. చిత్రమేమనగా ఈ రెండును దాదాపు ఒకే కాలమున ఎదిగినవి. అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో, ఐజక్ సింగర్ 1851లో కుట్టుమిషనుకు పేటెంటు పొందినారు. అదే అమెరికా దేశపు రిఫార్ముడు సంఘమునకు చెందిన స్కడ్డరు సోదరులు 1853లో ఆర్కాటు మిషనును స్థాపించినారు. డాక్టరు జేకబ్ చేంబర్లేను 1863లో మదనపల్లెలో పని ప్రారంభించినాడు. సరిగా ఆ 1863లోనే స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లీ అనునతడు అనేక సూదులతో ఒకేసారి పూలు కుట్టు 'షిఫ్లీ' యంత్రమును కనుగొన్నాడు. ఆ దినములలో మిషను బాలికల పాఠశాలలలో చదువుతోబాటు సూదిపనియు పాఠముగా నుండెను.

అయితే పూలకుట్టు కథ అమెరికాలో గాని స్విట్జర్లాండులో గాని మొదలు కాలేదు. నేడు పెండ్లి జాకెట్ల మీద మనము 'మగ్గం వర్కు' అని చేయించుకొనునది ఆరీ అను కొక్కెపు సూదితో చేయు పని. గుడ్డను చట్రమునకు బిగించి, పైనుండి కొక్కెమును దించి, క్రిందనున్న దారమును పైకి లాగి, ఒక ఉచ్చులో నుండి మరియొక ఉచ్చును తీయుదురు. అదే గొలుసు కుట్టు. ఈ పద్ధతి 18వ శతాబ్దములో మన దేశము మొదలైన తూర్పు దేశముల నుండి ఐరోపాకు చేరినదని చరిత్రకారులు చెప్పుదురు. ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోనియే అను పేద దర్జీ తన ప్రాంతపు స్త్రీలు ఆ కొక్కెముతో పూలు కుట్టుట చూచి, ఆ చేతి కదలికనే కొయ్య యంత్రములో పెట్టి 1830లో పేటెంటు పొందినాడు. కావున పని జరిపిన తొలి కుట్టుమిషనుకు గురువు పూలకుట్టే. అలంకారము తరువాత అతికించినది కాదు.

తిమోనియే యంత్రములు ఎనుబది వరకు పారిస్ నగరములో సైనికుల దుస్తులు కుట్టుచుండగా, తమ కూడు పోవునని భయపడిన దర్జీలు 1831లో వాటిని పగులగొట్టినారు. అతడు 1857లో బీదవాడుగనే మరణించినాడు. యంత్రము వచ్చినప్పుడెల్ల చేతిపనివారి బ్రదుకు ఏమగునను ప్రశ్న నాటినుండియే ఉన్నది.

గొలుసు కుట్టుకు ఒక లోపమున్నది. కొన దొరికి లాగితే వరుస అంతయు ఊడివచ్చును. హోవ్, సింగర్‌ల యంత్రములు దానికి మందు కనుగొన్నవి. సూది కన్ను మొన దగ్గర ఉండును. సూది గుడ్డను పొడిచి క్రిందికి పోయి, తిరిగి లేవబోవునప్పుడు పైదారము కొంచెము వదులై ఉచ్చుగా నిలుచును. ఆ క్షణమున షటిల్ మొన ఆ ఉచ్చును పట్టి బాబిన్ చుట్టు త్రిప్పును. పైదారము, క్రిందిదారము ఒకదానినొకటి పెనవేసికొని, ముడి గుడ్డ మందములో దాగును. తరువాత పాదము క్రిందనున్న పళ్ళు లేచి, గుడ్డను ఒక కుట్టంత వెనుకకు నెట్టి, దిగి, మరల ముందుకు వచ్చును. ఈ నాలుగు కదలికల ఏర్పాటు 1854లో ఆలెన్ విల్సన్ చేసినది.

ఇంత సూక్ష్మమైనను ఈ యంత్రము చేయునది ఒక్కటే కుట్టు. మరి పూవు ఎక్కడినుండి వచ్చును? సూది నడకను, గుడ్డ నడకను మార్చుట వలన వచ్చును. ఈ మాట తెలిసినచో ఎంత ఖరీదైన యంత్రమైనను మనకు అర్థమగును.

మొదటి మార్గము గుడ్డను చేతితో నడుపుట. కాలితో తొక్కు సింగర్, ఉషా మిషనుల మీద మన స్త్రీలు చేసినది ఇదియే. పాదమును తీసివేసి, పళ్ళను దించి లేక రేకుతో కప్పి, గుడ్డను గుండ్రని ఫ్రేములో బిగించి, రెండు చేతులతో ఫ్రేమును త్రిప్పుదురు. కాలు సూదికి వేగమిచ్చును, చేయి గుడ్డకు దారి చూపును. ఫ్రేము మెల్లగా జరిగితే కుట్లు దగ్గరగా, వేగముగా జరిగితే దూరముగా పడును. పైదారపు బిగువు కొంచెము వదలితేనే క్రిందిదారము పైకి కనబడదు. ఆ యంత్రములో పూవు ఏమియు లేదు. పూవంతయు కుట్టు ఆమె మణికట్టులోనే ఉన్నది.

రెండవ మార్గము సూదిని ప్రక్కలకు ఊపుట. సూది గుడ్డ పైన నుండగా ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి జరిగితే అడ్డదిడ్డముగా జిగ్‌జాగ్ కుట్టు వచ్చును. అమెరికాలో హెలెన్ బ్లాంచర్డ్ అను స్త్రీ 1873లో ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందినది. మదనపల్లెలోనైనను, పుంగనూరులోనైనను చీరె అంచుకు మనము చేయించుకొను పీకో ఈ జాతి కుట్టే. గుడ్డ జరుగుట బాగా తగ్గించితే ఆ కుట్లు ఒకదాని ప్రక్క ఒకటి ఒరిగి పట్టువలె నిగనిగలాడును. ఊపు వెడల్పును సున్న నుండి క్రమముగా పెంచి, తిరిగి తగ్గించితే ఆకు అగును. అట్టి ఆకులను వరుసగా పెట్టితే తీగ అగును. గుడ్డ పలుచనైనచో ముడుత పడకుండుటకు క్రింద కాగితము పెట్టుదురు.

మూడవ మార్గము ఆ ఊపును యంత్రమే గుర్తుంచుకొనుట. 1952లో స్విట్జర్లాండు ఎల్నా కంపెనీ తన మిషనులో మార్చదగిన బిళ్ళలను పెట్టినది. బిళ్ళ అంచున మిట్టపల్లములుండును. బిళ్ళ తిరుగుచుండగా ఒక మీట ఆ మిట్టపల్లములను తడుముచు సూదిని ప్రక్కలకు జరుపును. బిళ్ళ ఒక చుట్టు తిరిగితే నమూనా ఒకసారి పూర్తియగును. రెండవ అంచు గుడ్డను ముందుకు, వెనుకకు కూడ నడిపితే నక్షత్రములు, పూవులు వచ్చును. మదనపల్లె ప్రక్కనున్న నీరుగట్టువారిపల్లె పట్టునేతకు పేరుపొందినది. జకార్డు అట్టలోని రంధ్రములు పట్టుచీరె మీద పూవును నేయించునట్లే ఈ బిళ్ళ మిట్టపల్లములు పూవును కుట్టించును. 1975లో సింగర్ కంపెనీ ఎలక్ట్రానిక్ మిషనును తెచ్చిన తరువాత బిళ్ళకు బదులు చిన్న చిప్పు ఆ జ్ఞాపకమును మోయసాగినది. నేటి కంప్యూటరు ఎంబ్రాయిడరీ మిషనులో సూది పైకి క్రిందికి మాత్రమే ఆడును. ఫ్రేమును మోటార్లు నిలువుగా, అడ్డముగా నడుపును. అనగా మన అమ్మల చేతులు చేసిన పనినే ఆ మోటార్లు చేయుచున్నవి.

ఇక అసలు మాటకు వచ్చెదము. కుప్పము బెంగుళూరు రైలుమార్గము మీదనున్న ఊరు. బెంగుళూరు దుస్తుల ఫ్యాక్టరీలలో వేలకొలది స్త్రీలు మిషనుల ముందు కూర్చుందురు. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కొక్క కుట్టు మాత్రమే, గంటకు ఇన్ని అని లెక్క. ఇంటివద్ద కుట్టు స్త్రీకైతే ఆ లెక్కయు లేదు. ఇందులో సంఘమునకు పాత పాఠమొకటి గలదు. గోదావరి ప్రాంతమున నరసాపురములో 19వ శతాబ్దమున మిషనరీ కుటుంబములు పేద స్త్రీలకు క్రోషే లేసు నేర్పినారు. ఆ లేసు దేశదేశములకు పోయినది. 2024లో భౌగోళిక గుర్తింపును కూడ పొందినది. కాని 1982లో మరియా మీస్ అను జర్మను పండితురాలు అక్కడి లేసుపనివారిని గూర్చి వ్రాసిన గ్రంథములో చూపినదేమనగా, వారు పనివారుగా గాక తీరికవేళ అల్లుకొను గృహిణులుగా ఎంచబడుటచేతనే కూలి అంత తక్కువైనది, లాభము వర్తకులకు చేరినది.

1924లో గాంధీజీ యంత్రములను విమర్శించుచు కుట్టుమిషనును మాత్రము విడిచిపెట్టినారు. భార్య సూదిపనితో పడు శ్రమను చూడలేక ప్రేమచేత సింగర్ దానిని చేసినాడని వారన్నారు. ప్రేమ శ్రమను తగ్గించవలెను గాని శ్రమ వెలను తగ్గించరాదు.

మన సంఘములలో ఎందరో విధవరాండ్రకు, ఒంటరి తల్లులకు కుట్టుమిషనులు ఇచ్చుచున్నాము. మంచిది. కాని మిషను ఇచ్చిన చేతితోనే ఆ సహోదరి కుట్టిన బల్లగుడ్డను ఉచిత సేవయని తీసికొనుట న్యాయమేనా? ఆమె మనస్ఫూర్తిగా అర్పించితే అది కానుక. మనము అడిగి చేయించుకొంటే అది పని, దానికి కూలి గలదు. పనివాడు తన జీతమునకు పాత్రుడని మనము పుల్పిటు మీదనుండి బోధింతుము. పుల్పిటు తెరను కుట్టిన ఆమె కూడ ఆ పనివారిలో ఒకతెయే.

కావున స్త్రీల మైత్రి సహోదరీలకును, సంఘ పెద్దలకును మా మనవి ఇది. కుట్టు తరగతులలో పువ్వు దించుట మాత్రమే గాక సూది నడక, గుడ్డ నడక అర్థమగునట్లు నేర్పుడి. అది తెలిసినవారు రేపు ఏ కొత్త యంత్రము వచ్చినను దానికి బానిసలు కారు. సంఘపు లెక్కల పుస్తకములో కుట్టుకూలికి ఒక పద్దు వ్రాయుడి. అహోలీయాబు పేరు గ్రంథములో నిలిచినది. మన తల్లుల పని కనీసము లెక్కలలోనైనను నిలువనిండు.