పోకెమాన్: ఇండిగో లీగ్
పోకెమాన్ జపనీస్ యానిమేషన్ ధారావాహికలో తొలి భాగం. కునిహికో యుయామా ప్రధాన దర్శకుడు. 1997 ఏప్రిల్ 1న టీవీ టోక్యోలో ప్రసారం మొదలైంది. పదేళ్ల సతోషి (ఆంగ్ల అనువాదంలో యాష్) పోకెమాన్ అనే జీవులతో కాంటో అనే కల్పిత ప్రాంతమంతా తిరిగి, ఎనిమిది బ్యాడ్జీలు గెలిచి, ఇండిగో లీగ్ పోటీలకు చేరతాడు. కథకు ప్రాణం పికాచు. మొదట మాట వినని ఈ పసుపుపచ్చ జీవి, పక్షుల గుంపు దాడిలో తనకు అడ్డుగా నిలిచిన పిల్లవాడికి ప్రాణస్నేహితుడవుతుంది. ఆ తొలి ఎపిసోడ్ నేటికీ చెక్కుచెదరని రచన. లీగ్‌లో సతోషి గెలవడు. అతని మరో పోకెమాన్ చారిజార్డే బరిలో పోరాడనంటుంది. బాలల ధారావాహికలో ఇది సాహసోపేతమైన ముగింపు.

1997 డిసెంబర్ 16న ప్రసారమైన ఎపిసోడ్‌లో ఎరుపు, నీలం వెలుగులు వేగంగా మెరవడంతో వందలాది మంది పిల్లలు అస్వస్థులయ్యారు. ప్రసారం నాలుగు నెలలు ఆగి, 1998 ఏప్రిల్‌లో తిరిగి మొదలైంది.