చల్లటి ఏటికి కాపలా: ట్రౌట్ వాగుల శ్రమదాన చరిత్ర

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఉత్తర భాగంలో గ్రేలింగ్ అని ఒక చిన్న ఊరుంది. ఊరికి ఆ పేరు ఒక చేప వల్ల వచ్చింది. వెన్ను మీద ఎత్తయిన రంగుల రెక్కతో ఉండే ఆర్కిటిక్ గ్రేలింగ్ ఒకప్పుడు ఆ ఊరి పక్కన పారే ఔ సాబుల్ నదిలో గుంపులు గుంపులుగా తిరిగేది. 1930ల నడుమకు వచ్చేసరికి మిషిగన్ మొత్తంలో ఆ జాతి చేప ఒక్కటీ లేకుండా పోయింది. చల్లటి నీటి చేప ట్రౌట్ బతికే వాగుల్ని కాపాడటానికి అక్కడి మనుషులు ఎందుకు నడుం కట్టారో తెలియాలంటే ముందు ఈ చేప ఎలా పోయిందో తెలుసుకోవాలి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మిషిగన్ అడవుల్లోని తెల్ల పైన్ చెట్లను మొదలంటా నరికేశారు. రోడ్లు లేని చోట కలపను మోసింది నదులే. చలికాలమంతా గట్టున పేర్చిన దుంగలను వసంతకాలపు వరదలో నీటిలోకి దొర్లించేవారు. గ్రేలింగ్ గుడ్లు పెట్టేదీ సరిగ్గా ఆ రోజుల్లోనే. దుంగలు అడుగున ఉన్న గులకరాళ్ల పరుపును గీరుకుంటూ పోయాయి. చెట్టు నీడ పోవడంతో నీరు వేడెక్కింది. వేళ్ల పట్టు తప్పిన గట్లు జారి ఏట్లో ఇసుక మేటలు వేశాయి. అదే సమయంలో రైలు వచ్చింది, రైలెక్కి గాలాలు పట్టుకుని పట్నం జనం వచ్చారు. పట్టిన చేపలకు లెక్కాపత్రం లేదు.

ఆ లోటు పూడ్చడానికి ఆనాటి వాళ్లకు తోచిన ఉపాయం హేచరీ. సెత్ గ్రీన్ అనే ఆయన 1864లో న్యూయార్క్ రాష్ట్రంలోని కాలెడోనియాలో చేప గుడ్లు పొదిగించే కేంద్రం పెట్టాడు. 1871లో దేశానికంతటికీ మత్స్య కమిషన్ ఏర్పడింది. ఆ తర్వాత చేపపిల్లలు పాల క్యాన్లలో, ప్రత్యేకంగా తయారుచేసిన రైలు పెట్టెల్లో ఈ మూల నుంచి ఆ మూలకు ప్రయాణం కట్టాయి. కాలిఫోర్నియా రెయిన్‌బో ట్రౌట్ తూర్పుకు వచ్చింది. జర్మనీ బ్రౌన్ ట్రౌట్ సముద్రం దాటి 1884లో మిషిగన్‌లోని పేర్ మార్కెట్ నదిలోకి చేరింది. ఇదే ఊపులో ట్రౌట్ మన దేశానికీ వచ్చింది. 1900 ప్రాంతంలో కాశ్మీర్‌లో, తర్వాత కొన్నేళ్లకే నీలగిరుల్లో నిలదొక్కుకుంది. నీలగిరుల్లోని అవలాంచి హేచరీ 1907 నాటిది. దాన్ని నిలబెట్టిన హెచ్. సి. విల్సన్ మద్రాసు ప్రభుత్వ మత్స్య నిపుణుడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా అప్పట్లో ఆ ప్రభుత్వం కిందే ఉండేవి.

చెరువుల్లో చేపపిల్లల్ని వదలడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన పనే. చెరువుకు అది నప్పుతుంది. పారే ఏటి సంగతి వేరు. ట్రౌట్‌కు చల్లటి నీరు కావాలి, నీటిలో కరిగిన ప్రాణవాయువు సమృద్ధిగా ఉండాలి. ఆడచేప తోకతో గులకరాళ్లను విదిలించి గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. ఆ రాళ్ల సందుల్లోంచి నీరు నెలల తరబడి పారుతూ ఉంటేనే గుడ్డు బతుకుతుంది. సన్నటి ఒండ్రు వచ్చి ఆ సందులు పూడిపోతే గుడ్డుకు ఊపిరాడదు. అలాంటి ఏట్లోకి లారీల కొద్దీ చేపల్ని తెచ్చి పోసినా రెండో తరం పుట్టదు. ఈ మాట ఇప్పుడు తేలిగ్గా చెప్పేస్తున్నాం గానీ, అధికారులకూ జాలరులకూ ఇది తలకెక్కడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

మొదట మేల్కొన్నవాళ్లు కొందరున్నారు. 1922లో షికాగోలో 54 మంది కలిసి పెట్టిన ఐజాక్ వాల్టన్ లీగ్ నదుల్లో మురుగు కలపడం మీద పోరాడింది. 1930ల మొదట్లో మిషిగన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కార్ల్ హబ్స్, ఆయన సహచరులు వాగులో దుంగలూ రాళ్లూ ఎక్కడ ఎలా పెడితే చేపకు గుంటలూ చాటూ ఏర్పడతాయో పరిశీలించి రాశారు. 1933లో విస్కాన్సిన్‌లోని కూన్ వ్యాలీలో, ఒక వాగు పరీవాహకంలోని పొలాలను కలిపి నేల కోతను ఆపే ప్రయత్నం అమెరికాలో తొలిసారి జరిగింది. పర్యావరణ రచయిత ఆల్డో లియోపోల్డ్ అందులో పాలుపంచుకున్నారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో పని లేని కుర్రాళ్లకు ఉపాధినిచ్చిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ ఆ కొండవాలుల్లో గట్లు కట్టింది. వాళ్లది కూలికి చేసిన పని, శ్రమదానం కాదు. అయినా వాగును బాగుచేయాలంటే పైనున్న పొలం దగ్గర మొదలుపెట్టాలన్న పాఠం అక్కడే పుట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అంతకు మించిన మలుపు లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మళ్లీ హేచరీ లారీల రోజులొచ్చాయి. పట్టడానికి సరిపడా పెంచిన చేపల్ని సీజను ముందు ఏట్లో పోయడం, కొద్ది రోజుల్లో జనం వాటిని పట్టుకుపోవడం, మళ్లీ పోయడం. దీన్ని చూసి విసిగిపోయినవాళ్లలో జార్జ్ గ్రిఫిత్ ఒకరు. మిషిగన్ ప్రకృతి పరిరక్షణ కమిషన్‌లో సభ్యుడు, ఔ సాబుల్ ఒడ్డున ఇల్లున్నవాడు. ఆయన స్నేహితుడు జార్జ్ మేసన్ కార్ల కంపెనీ అధినేత. బాతుల కోసం 1937లో పుట్టిన డక్స్ అన్‌లిమిటెడ్ లాంటి సంఘం ట్రౌట్‌కు కూడా ఉండాలని ఇద్దరూ పడవలో పోతూ మాట్లాడుకునేవారట. మేసన్ 1954లో కన్నుమూశాడు. నది దక్షిణ పాయ వెంట తనకున్న దాదాపు 1,500 ఎకరాలను, అడవిని అడవిగానే ఉంచాలన్న షరతుతో రాష్ట్రానికి రాసిచ్చాడు. ఆ నేల ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది.

1959 జులైలో గ్రిఫిత్ ఇంట్లో 16 మంది కూడారు. ట్రౌట్ అన్‌లిమిటెడ్ అలా పుట్టింది. చేపలు పట్టేవాళ్లు పెట్టుకున్న సంఘమే అయినా, మాకు ఇంకా చేపలు పోయండి అని వాళ్లు అడగలేదు. పోయడం ఆపి, ఏటిని చూడండి అన్నారు. తమ సరదాకు తామే పగ్గం వేసుకోవడానికి, తక్కువ చేపలు ఇంటికి తీసుకెళ్లడానికి సిద్ధపడ్డారు. సొంత ప్రయోజనం కోసం మొదలైన సంఘాలు చాలా ఉంటాయి గానీ, ఆ ప్రయోజనాన్నే మొదటి రోజు నుంచి తగ్గించుకోమన్నవి అరుదు. ఆ తీరు మీద నాకు గౌరవం.

వాళ్ల వాదనకు గట్టి రుజువు మోంటానా రాష్ట్రంలో దొరికింది. డిక్ విన్సెంట్ అనే మత్స్య శాస్త్రవేత్త 1960ల చివర నుంచి మాడిసన్ నదిలో చేపల్ని లెక్కపెడుతూ వచ్చాడు. హేచరీ చేపల్ని వదలడం ఆపిన చోట ఏటిలో సహజంగా పుట్టిన చేపలు పెరిగాయి, వదిలిన చోట తగ్గాయి. పెంపుడు చేపలు ఏటి చేపల్ని తరిమేసి, తామూ ఎక్కువ కాలం బతకడం లేదు. 1974లో మోంటానా, చేపలు తమంతట తాము పెరగగల నదుల్లో హేచరీ ట్రౌట్ వదలడం మానేసింది. దుకాణాల వాళ్లు, గైడ్లు గగ్గోలు పెట్టారు. ఈ రోజు ప్రపంచం నలుమూలల నుంచి జనం ఆ నదులకే వస్తున్నారు.

ఆ రోజుల్లోనే పని చేతుల్లోకి దిగింది. 1969లో వాల్టన్ లీగ్ సేవ్ అవర్ స్ట్రీమ్స్ పేరుతో మామూలు జనానికి వాగును పరీక్షించడం నేర్పసాగింది. 1972లో స్వచ్ఛ జల చట్టం వచ్చింది. 1975 నుంచి ట్రౌట్ అన్‌లిమిటెడ్ తన శాఖలకు వాగుల పనికోసం చిన్న చిన్న నిధులు ఇస్తోంది. శనివారం పొద్దున్నే రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని నీటిలోకి దిగే జనం అప్పటి నుంచి పెరుగుతూ వచ్చారు. కూలిన గట్టుకు రాయి పేర్చడం, పశువులు ఏట్లో దిగకుండా కంచె వేయడం, నీటి మట్టానికి పైన వేలాడే కల్వర్టును తీయించి చేపకు దారి ఇప్పించడం, నీడకోసం విల్లో కొమ్మలు నాటడం వాళ్ల పని. కల్వర్టు అంటే చాలామందికి రోడ్డు పనిలా కనిపిస్తుంది. ఎండాకాలంలో పై ఊటల చల్లదనానికి చేరాల్సిన చేపకు అదే అడ్డుగోడ.

విస్కాన్సిన్ నైరుతి భాగంలో చేసే ఒక పనిని దగ్గరగా చూడాలి. ఓక్ చెక్కలతో సుమారు ఎనిమిది అడుగుల పొడవున, ముందువైపు తెరిచి ఉండే పెట్టె లాంటిది చేస్తారు. వాగు వంపులో గట్టు మొదట్లో, నీటి అడుగున దాన్ని కూర్చోబెట్టి ఇనుప కడ్డీలు దిగగొడతారు. పైన రాళ్లు, రాళ్ల మీద మట్టి, మట్టి మీద గడ్డి గింజలు. కొన్ని నెలలు గడిస్తే పైన పచ్చగడ్డి తప్ప ఏమీ కనిపించదు. కింద మాత్రం చేపకు చాటూ, నీడా, కొంగ ముక్కుకు అందనంత లోతూ ఉంటాయి. అక్కడి మత్స్యశాఖకు చెందిన డేవ్ వెట్రానో 1980ల్లో రూపొందించిన ఈ నిర్మాణాన్ని లంకర్ అంటారు. రైతు ఒప్పుకుంటేనే ఇది సాధ్యం, ఎందుకంటే గట్టు ఆయనది. రైతు గడప తొక్కి, కాఫీ తాగి, ఒప్పించి వచ్చిన వాలంటీర్ల ఓర్పు ఏ నివేదికలోనూ కనిపించదు.

పిల్లల సంగతి ఆలస్యంగా మొదలైంది. గాలం వేయడం నేర్పే శిబిరాలు ముందే ఉన్నాయి, కానీ అవి జాలరుల ఇళ్ల పిల్లలకే అందేవి. పసిఫిక్ తీరంలో సాల్మన్ గుడ్లను తరగతి గదిలో పెంచే పద్ధతి అప్పటికే ఉంది. దాని స్ఫూర్తితో ట్రౌట్ గుడ్లతో సాగుతున్న అలాంటి పనినే జోన్ స్టోలియర్ 1997లో న్యూయార్క్ నగర బడుల్లోకి తెచ్చింది. ఆవిడ గాలపు వేటలో ఆరితేరిన మనిషి. అది సరైన సమయం కూడా. న్యూయార్క్ తాగే నీటిలో అత్యధిక భాగం, వంద మైళ్లకు పైగా దూరాన ఉన్న క్యాట్స్‌కిల్ కొండలు, డెలావేర్ పరీవాహకం నుంచి వడపోత లేకుండానే వస్తుంది. వడపోత కేంద్రం కట్టడానికి బదులు ఆ కొండల్ని కాపాడదామని నగరమూ, కొండ ఊళ్లూ 1997లోనే ఒప్పందం చేసుకున్నాయి. ట్రౌట్ ఈదే వాగు నీరే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతపు పిల్లాడి కొళాయిలోకీ వస్తోంది.

శరదృతువులో బడికి గుడ్లు వస్తాయి. మిరియమంత నారింజ రంగు గుడ్డు, లోపల రెండు నల్లటి చుక్కలు. అవి కళ్లు. గాజు తొట్టెకు చుట్టూ థర్మాకోల్ అట్టలు కట్టి చీకటి చేస్తారు. నీరు 10 నుంచి 13 డిగ్రీల సెంటీగ్రేడ్ మధ్య ఉండేలా చిల్లర్ యంత్రం ఆడుతూ ఉంటుంది. చచ్చిన గుడ్డు తెల్లబడుతుంది. దాన్ని వెంటనే తీయకపోతే బూజు పక్క గుడ్లకు పాకుతుంది కాబట్టి, డ్రాపరుతో దాన్ని పీల్చి తీయడం పిల్లల వంతు. పొదిగిన పిల్లకు పొట్ట కింద పచ్చసొన సంచి వేలాడుతుంది. అది కరిగిపోయాక పిల్ల పైకి ఈది మేతకోసం వెతుకుతుంది. అప్పుడే అసలు కష్టం. ముద్దొచ్చి రెండు చిటికెలు ఎక్కువ వేస్తే మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా తొట్టెలో కుదురుకునే దాకా ఎప్పుడైనా ప్రమాదమే. పదేళ్ల పిల్లలు పరీక్షనాళికలో రంగు చూసి అంకె రాస్తారు. సెలవుల్లో కరెంటు పోయి తొట్టె మొత్తం ఖాళీ అయిన బడులున్నాయి. నీరు చెడితే ఎంత వేగంగా చెడుతుందో ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

వసంతంలో బస్సెక్కి ఏటికి వెళ్తారు. రాయి తిరగేసి దాని అడుగున అంటుకున్న మేఫ్లై, స్టోన్‌ఫ్లై, క్యాడిస్ పిల్లపురుగుల్ని ఏరి తెల్ల పళ్లెంలో వేసి చూస్తారు. స్టోన్‌ఫ్లై కనిపిస్తే నీరు బాగున్నట్టే, మురికిలో అది బతకదు. తర్వాత చేపల్ని వదులుతారు, మొక్కలు నాటుతారు. తొట్టె పెట్టడం నుంచి బస్సు దగ్గర నిలబడటం దాకా స్థానిక శాఖల వాలంటీర్ల చేయి ఉంటుంది. వాళ్లలో రిటైరైనవాళ్లు చాలామంది.

ఇక్కడ ఒక చిక్కుంది. హేచరీ చేప వద్దంటూ పుట్టిన ఉద్యమం, హేచరీ గుడ్డునే పిల్లల చేతిలో పెట్టి ఏట్లో వదలమంటోంది. ఆ కొద్ది పిల్లల వల్ల ఏటికి ఒరిగేదేమీ లేదు, వాటిలో ఎక్కువ భాగం పెద్దవి కావు కూడా. ఏట్లో చేపలు పెంచడం కోసమే అయితే ఈ కార్యక్రమం దండగ. ఇది పిల్లల కోసం, అందుకే దీన్ని సమర్థిస్తాను. అయితే ఆ హద్దు చెరగకుండా చూడాలి. హేచరీ చేపల వెంట రోగాలూ వెళ్తాయి. చేపపిల్ల గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోయే వర్లింగ్ వ్యాధి 1994లో మాడిసన్ నదిలో బయటపడి రెయిన్‌బోలను ఘోరంగా దెబ్బతీసింది. అందుకే తరగతి చేపను ఎక్కడ వదలాలో, అసలు వదలాలో వద్దో చెప్పే అధికారం రాష్ట్ర మత్స్యశాఖలదే. అనుమతి లేకుండా వదలకూడదు.

ఈ ముప్పై ఏళ్లలో ఉద్యమం చూపు కూడా మారింది. మొదటి తరం ప్రేమించిన బ్రౌన్, రెయిన్‌బో చేపలు చాలాచోట్ల పరాయివి. తూర్పున స్థానిక బ్రూక్ ట్రౌట్‌ను, పడమర స్థానిక కట్‌థ్రోట్‌ను పైవాగుల్లోకి నెట్టేసింది అవే. కొలరాడోలో గ్రీన్‌బ్యాక్ కట్‌థ్రోట్ అంతరించిందని 1937లో ప్రకటించారు. తర్వాత దొరికాయనుకున్నవి కూడా అసలు జాతి కావనీ, అసలైనవి కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర బేర్ క్రీక్ అనే ఒక్క చిన్న వాగులోనే మిగిలాయనీ 2012లో జన్యు పరిశోధన తేల్చింది. వాటి సంతతిని పెంచి 2016లో హెర్మన్ గల్చ్ అనే కొండవాగుకు చేర్చేటప్పుడు దారి లేని చోట వాలంటీర్లు ప్రాణవాయువు నింపిన నీటి సంచుల్లో చేపపిల్లల్ని వీపున మోసుకుని కొండెక్కారు. మిషిగన్‌లోనూ 2016 నుంచి రాష్ట్ర సహజ వనరుల శాఖ, అక్కడి ఆదివాసీ జాతులు కలిసి గ్రేలింగ్‌ను తిరిగి తేవడానికి పూనుకున్నాయి.

ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద బెడద వేడి. నీరు 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే బ్రూక్ ట్రౌట్‌కు కష్టం మొదలవుతుంది. అప్పుడు గాలానికి పడిన చేపను వదిలేసినా అది కోలుకోలేక చావవచ్చు. మోంటానాలో నది నీరు వరుసగా మూడు రోజులు ఏదో ఒక వేళ 73 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా చేపలు పట్టడం ఆపేయిస్తారు. అంతదాకా ఆగకుండా, నీటిలో థర్మామీటర్ ముంచి చూసి గాలం మడిచి ఇంటికి వెళ్లిపోయేవాళ్లు ట్రౌట్ అన్‌లిమిటెడ్ శాఖల్లో ఎందరో ఉన్నారు. థర్మామీటర్ చూసే ఆ పనినే తూర్పున తరగతి పిల్లలు తొట్టె దగ్గర రోజూ పొద్దున బడికి రాగానే చేస్తున్నారు.