త్వరణ సూత్రాల వెనుక చరిత్ర

మన విద్యార్థులు సమత్వరణ చలనానికి మూడు సూత్రాలు వల్లిస్తారు. వాటికి మూలమైన ఊహ గెలీలియో కంటె పాతది. 14వ శతాబ్దంలో ఆక్స్‌ఫర్డులోని మెర్టన్ కళాశాల పండితులు, వేగం సమంగా మారే వస్తువు పోయే దూరాన్ని తొలి, తుది వేగాల సగటుతోనే కట్టవచ్చునని గ్రహించారు. ఫ్రాన్సులో ఒరేం దానిని పటంగా గీసి చూపాడు. అయితే వారు ప్రయోగం జోలికి పోలేదు.

పడే వస్తువు వేగం, పడిన దూరాన్నిబట్టి పెరుగుతుందని 1604లో గెలీలియో సార్పికి వ్రాశాడు. అంతటివాడూ పొరబడ్డాడు! ఆయన వాలుబల్లపై కంచుగుండు దొర్లించి, పాత్రనుండి కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. దూరం కాలవర్గాన్ని అనుసరిస్తున్నదని తేలింది. ఆ గ్రంథం 1638లో లైడెన్‌లో అచ్చయ్యేనాటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు. చూపు కూడా పోయింది.

పరీక్షల తొందరలో సగటు ఊహను విడిచి సూత్రమొక్కటే నేర్పడం నాకు సమ్మతం కాదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తున్న బస్సు, బ్రేకు వేయగా, సమంగా వేగం తగ్గి 5 సెకన్లలో ఆగిందనుకొందాం. సగటు వేగం 10, దూరం 50 మీటర్లు. సూత్రాన్ని మాత్రమే నమ్మిన బిడ్డ ఋణగుర్తు మరచి 150 అని వ్రాసి సంతోషిస్తాడు. బ్రేకు వేయకున్నా ఆ బస్సు పోయేది 100 మీటర్లే కదా!