వయ్యారిభామను గుర్తించడం ఎలా?

పేరు వింటే ముచ్చటేస్తుంది. తాకితే మాత్రం దురద తప్పదు. రహదారుల వెంట, ఖాళీ స్థలాల్లో, బడుల ఆవరణల్లో తెల్లని పూలతో ఏపుగా పెరిగే వయ్యారిభామ మన నేలకు చెందినది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1950వ దశకంలో దిగుమతి చేసుకున్న గోధుమలతో విత్తనాలు వచ్చాయని భావిస్తారు. 1955లో పుణెలో దీని వ్యాప్తిని గమనించారు. శాస్త్రీయనామం పార్థీనియం హిస్టరోఫోరస్. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అనీ పిలుస్తారు. నిజానికి ఇది గడ్డి కాదు, చామంతి కుటుంబానికి చెందిన మొక్క.

ఆనవాళ్లు ఇవీ..

* లేత దశలో ఆకులు నేలకు అంటుకొని చక్రంలా పరచుకుంటాయి. తర్వాత కాండం నిటారుగా లేచి, పైన కొమ్మలు వేస్తుంది. సాధారణంగా మీటరు ఎత్తు, సారవంతమైన చోట అంతకు మించి పెరుగుతుంది.
* ఆకులు లేత ఆకుపచ్చగా, క్యారెట్ ఆకుల్లా లోతుగా చీలి ఉంటాయి. కాండంపై నిలువు గీతలు, సన్నని నూగు కనిపిస్తాయి.
* కొమ్మల చివర చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. ఒక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలను వెదజల్లుతుంది. గాలి, నీరు, వాహనాల చక్రాలకు అంటిన బురద వాటిని దూరప్రాంతాలకు చేరుస్తాయి.

పొరపాటు పడొద్దు

వినాయక చవితి పత్రి సేకరించేవారు జాగ్రత్తగా ఉండాలి. మాచిపత్రి ఆకులూ ఇలాగే చీలి ఉంటాయి. అయితే మాచిపత్రిని నలిపితే ఘాటైన సువాసన వస్తుంది. ఆకు అడుగుభాగం తెల్లగా ఉంటుంది. వయ్యారిభామకు ఆ లక్షణాలు లేవు. గడ్డి చామంతి నేలపై పాకుతుంది. పొడవాటి కాడకు ఒక్కటే పువ్వు, మధ్యలో పసుపు రంగు ఉంటుంది.

హాని.. నివారణ

ఇందులోని పార్థెనిన్ అనే పదార్థం చర్మవ్యాధికి కారణమవుతుంది. పుప్పొడి పీల్చినవారిలో తుమ్ములు, జలుబు, కొందరిలో ఉబ్బసం తలెత్తుతాయి. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి.

పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకివేయడం ఉత్తమం. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. పూయని మొక్కలను కంపోస్టుకు వాడుకోవచ్చు. పంట లేని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి మొక్కలు తడిసేలా పిచికారీ చేయవచ్చు. ఆకులను తినే మెక్సికన్ పెంకు పురుగును 1984లో బెంగళూరులో విడుదల చేశారు. వర్షాకాలంలో ఇది బాగా పనిచేస్తుంది. ఒక్క ఇంటివారు పీకితే ఫలితం ఉండదు, ఊరంతా ఒకేసారి కదిలితేనే దీని బెడద తగ్గుతుంది.