మళ్లీ కూత పెట్టిన వేవర్లీ

1969 జనవరి 5, ఆదివారం రాత్రి. ఎడిన్‌బరోలో బయల్దేరి లండన్ వెళ్లాల్సిన స్లీపర్ రైలు ఇంగ్లండ్ సరిహద్దుకు కాస్త ఇవతల, న్యూకాజిల్‌టన్ అనే చిన్న ఊళ్లో ఆగిపోయింది. ఇంజిన్ చెడిపోలేదు. ఊళ్లోవాళ్లు లెవెల్ క్రాసింగ్ గేట్లు మూసేసి పట్టాల మీద నిలబడ్డారు. బ్రిటన్‌లో అప్పటి గేట్లు మన దగ్గరిలా పైకి లేచేవి కావు, తలుపుల్లా పక్కకు తిరిగేవి. రోడ్డుకు అడ్డంగా తిప్పితే రైలుకు దారి, పట్టాలకు అడ్డంగా తిప్పితే బండ్లకు దారి. ఆ రాత్రి గేట్లు పట్టాలకు అడ్డంగానే ఉన్నాయి. అసలే చలికాలం, పైగా అర్ధరాత్రి దాటింది. అయినా జనం కదల్లేదు. వాళ్ల ముందు నిలబడింది ఊరి చర్చి పాస్టరు బ్రైడన్ మేబెన్. పోలీసులు ఆయన్ని పట్టుకుపోయారు. దాంతో జనం ఇంకాస్త బిగుసుకున్నారు.

అదే రైల్లో ఆ ప్రాంతపు ఎంపీ డేవిడ్ స్టీల్ ఉన్నాడు. అప్పటికి ముప్పై ఏళ్ల కుర్రాడు. దిగివచ్చి ఇటు పోలీసులతో, అటు జనంతో మాట్లాడి రాజీ కుదిర్చాడు. పాస్టరును వదిలిపెట్టాలి, జనం దారివ్వాలి. అలాగే జరిగింది. దాదాపు రెండు గంటల ఆలస్యంగా రైలు కార్లైల్ వైపు సాగిపోయింది. ప్రభుత్వం మూసేస్తున్న ఆ లైను పేరు వేవర్లీ రూట్, దాని మీద పాసింజర్లతో నడిచిన చివరి రైలు అదే. అక్కడికి రెండు వారాల ముందే హావిక్ పట్టణానికి చెందిన గృహిణి మ్యాడ్జ్ ఎలియట్ లైను మూయొద్దంటూ పదకొండు వేలకు పైగా సంతకాలు పోగేసి లండన్ వెళ్లి, ప్రధానమంత్రి ఇంటి గుమ్మంలో ఇచ్చి వచ్చింది. ఫలితం లేకపోయింది. హావిక్ జనం శవపేటిక తయారుచేసి, దాని మీద లైను పుట్టిన ఏడూ చంపిన ఏడూ రాసి, రవాణా మంత్రి పేరిట అదే చివరి రైలుకు ఎక్కించారు.

అంత పట్టుదల దేనికో తెలియాలంటే ఆ లైను ఎలాంటిదో చూడాలి. ఎడిన్‌బరో నుంచి దక్షిణంగా ‘బోర్డర్స్’ కొండప్రాంతం మీదుగా కార్లైల్ దాకా 98 మైళ్లు. మొదటి ముక్కకైతే రైలింజన్ల కంటే గుర్రాలతోనే పాత చుట్టరికం. 1831లో బొగ్గు తరలించడానికి వేసిన ఎడిన్‌బరో–డాల్‌కీత్ లైను మీద పెట్టెల్ని గుర్రాలే లాగేవి. దాన్ని నార్త్ బ్రిటిష్ రైల్వే కంపెనీ కొనేసి, ఇంజన్లకు పనికొచ్చేలా మార్చి, 1849 నాటికి హావిక్ దాకా, 1862కి కార్లైల్ దాకా పొడిగించింది. పేరు పెట్టింది వాల్టర్ స్కాట్ ‘వేవర్లీ’ నవలల మీద. స్కాట్ ఇల్లు ఆబట్స్‌ఫోర్డ్ ఈ లైనుకు కూతవేటు దూరంలోనే. పాపం, తన పేరు చెప్పుకొని నడిచిన రైలును ఆయన చూడనేలేదు. 1832లోనే పోయాడు.

ఇంజిన్ డ్రైవర్లకు మాత్రం ఈ రూటంటే హడల్. ఫాలాహిల్ దగ్గర ఒక ఎక్కుడు, విట్రోప్ దగ్గర ఇంకొకటి. విట్రోప్‌కు దక్షిణం నుంచి వస్తే మైళ్ల తరబడి 75 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతూనే ఉండాలి. ఆ కొండల మధ్య రికార్టన్ జంక్షన్ అని ఒక ఊరుండేది. దాన్ని ఊరనాలో స్టేషననాలో చెప్పడం కష్టం. రైల్వే ఉద్యోగులూ వాళ్ల కుటుంబాలూ తప్ప మరో మనిషి లేడు. 1960ల దాకా అక్కడికి రోడ్డే లేదు. కో-ఆపరేటివ్ దుకాణం ప్లాట్‌ఫారం మీదే ఉండేది. పప్పూ ఉప్పూ, డాక్టరూ, చుట్టాలూ ఏం రావాలన్నా రైల్లోనే రావాలి. ఇప్పుడక్కడ అడవి తప్ప మిగిలింది తక్కువ. గాలషీల్స్, హావిక్ పట్టణాలు ఉన్ని మిల్లులతో బతికేవి. మిల్లులకు బొగ్గు రావాలన్నా, నేసిన ట్వీడ్ బట్టలు పోవాలన్నా దారి ఇదే.

కత్తెర 1963లో పడింది. బ్రిటిష్ రైల్వేస్ ఛైర్మన్ రిచర్డ్ బీచింగ్ ఆ ఏడాది మార్చిలో ఇచ్చిన రిపోర్టు 5,000 మైళ్ల లైన్లనూ 2,363 స్టేషన్లనూ మూసేయమంది. కార్లూ లారీలూ పెరిగి రైల్వే నష్టాల్లో కూరుకుపోయిన మాట నిజం. నాలుగు మేకలూ నలుగురు మనుషులూ తప్ప ఎవరూ ఎక్కని లైన్లు ఉన్నమాటా నిజం. బీచింగ్‌ను విలన్‌గా నిలబెట్టడం తేలికే గానీ న్యాయం కాదు. అయితే ఎవరు ఎక్కుతున్నారు, ఎవరు దిగుతున్నారు అన్న అంచనాకు ఆయన ఆధారం 1961 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారం తీసిన లెక్క. సంతలూ సెలవులూ ఎండాకాలం యాత్రలూ ఉన్న ప్రాంతాన్ని ఏప్రిల్ వారంతో కొలిస్తే వచ్చేది ఏప్రిల్ వారపు లెక్కే.

వేవర్లీ విషయంలో ఇంకో విడ్డూరం ఉంది. నష్టాల్లో ఉన్నా జనానికి అవసరమైన లైన్లకు ప్రభుత్వమే సొమ్ము ఇవ్వొచ్చని చెప్పే చట్టం 1968 అక్టోబరులో పాసైంది. లైను మూసేస్తున్నామని మంత్రి రిచర్డ్ మార్ష్ ప్రకటించింది అదే ఏడాది జులైలో. మూడు నెలల తేడా.

రైళ్లు ఆగిపోయాక పట్టాలు పీకడానికి రైల్వే ఎక్కువ కాలం తీసుకోలేదు. బొగ్గు గని ఉన్న ఉత్తరపు కొసను వదిలేసి, నాలుగేళ్లు తిరిగేలోపు మిగతాదంతా ఊడ్చేశారు. ఆ తర్వాతే అసలు నష్టం మొదలైంది. రైలు పట్టాలు ఇనుమే, మళ్లీ కొనొచ్చు. పట్టాల కింద గట్టు ఉందే, వందేళ్ల కిందట కొండలు తొలిచి, వాగుల మీద కమానులు కట్టి చదును చేసిన ఆ సన్నటి దారి, అది ముక్కలైపోయింది. ఒకచోట ఇళ్లు లేచాయి. ఒకచోట రోడ్డు వేశారు. ఎడిన్‌బరో చుట్టూ 1980లలో వేసిన బైపాస్ ఆ గట్టును అడ్డంగా నరికేసింది. మెల్‌రోజ్ దగ్గర బైపాస్ రోడ్డు ఏకంగా పాత ప్లాట్‌ఫారాన్ని ఆనుకునే పోతుంది. స్టేషన్ భవనం మాత్రం బతికి ఉంది, దాని ముందు ఇప్పుడు పోయేవి కార్లు. హావిక్ స్టేషన్ స్థలంలో ఈత కొలను ఉన్న క్రీడాకేంద్రం కట్టారు. దేశంలో రైలు మరీ దూరమైన పట్టణాల్లో హావిక్‌ది పైవరుసే అయింది. బోర్డర్స్ ప్రాంతం మొత్తంలో ఒక్క స్టేషనూ మిగల్లేదు.

1999లో ఎడిన్‌బరోలో స్కాటిష్ పార్లమెంటు మళ్లీ ఏర్పడింది. అదే ఏడాది బోర్డర్స్‌లో రైలు కోసం ప్రచార సంఘం పుట్టింది. పదిహేడు వేలకు పైగా సంతకాలతో కొత్త పార్లమెంటు తలుపు తట్టారు. 2000లో సభలో చర్చ వచ్చేసరికి స్పీకర్ స్థానంలో ఎవరున్నారంటే ఆ డేవిడ్ స్టీలే. చరిత్ర రాసేవాళ్లకు ఇలాంటివి అడక్కుండా దొరికే బహుమతులు. చట్టం 2006లో పాసైంది. పని మొదలవడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. పాల్గొన్న కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకొని పోటీలో ఒకరే మిగలడంతో టెండర్లు రద్దయ్యాయి. చివరికి పట్టాల సంస్థ నెట్‌వర్క్ రెయిల్ పని అందుకుంది. ఖర్చు 2012 ధరల్లో 29.4 కోట్ల పౌండ్లు.

మొత్తం లైను కాదు, ఉత్తరాన మూడోవంతు. ఎడిన్‌బరో నుంచి ట్వీడ్‌బ్యాంక్ దాకా 35 మైళ్లు, అందులో కొత్తగా వేసింది 30. ఏడు కొత్త స్టేషన్లు. షాఫెయిర్ దగ్గర నేల కింద పాత బొగ్గు గనుల బొరియలు. వాటిలోకి సిమెంటు పోసి నింపితే తప్ప పట్టాలకు ఆధారం లేదు. బైపాస్ రోడ్డు కిందనుంచి కొత్త దారి తీశారు. ఫాలాహిల్ దగ్గర రైలు కోసం రోడ్డునే పక్కకు జరిపారు. పాత ఎస్క్‌బ్యాంక్ స్టేషన్ ఎవరికో ఇల్లయిపోయింది కాబట్టి కొత్తది వేరేచోట. ఇన్ని పాట్ల మధ్య విక్టోరియా కాలపు ఇంజనీర్లు ఇచ్చిన ఆస్తి రెండుమూడు చోట్ల అక్కరకొచ్చింది. న్యూటన్‌గ్రేంజ్ దగ్గర ఎస్క్ నది లోయ మీద 23 కమానుల వంతెన చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. బౌషాంక్ సొరంగమూ అంతే. బాగుచేసి వాటి మీదుగానే, వాటిలోంచే కొత్త పట్టాలు వేశారు.

చారిత్రక కట్టడాల్ని కాపాడటమంటే బోర్డు పెట్టి, గొలుసు వేసి, లోపలికి రావద్దనడం ఒక పద్ధతి. ఆ వంతెన మీద అరగంటకో రైలు పోవడం ఇంకో పద్ధతి. నాకు రెండోదే నచ్చుతుంది. కాకపోతే అన్ని కట్టడాలకూ అంత అదృష్టం పట్టలేదు. స్టో అనే ఊళ్లో 1840ల నాటి స్టేషన్ ఇల్లు పాడుబడి, కూల్చేసే దశకు వచ్చింది. ఊరివాళ్లు పట్టుబట్టి దాన్ని నిలుపుకొని, మరమ్మతు చేయించి, తినుబండారాల చోటుగా మార్చుకున్నారు. గాలషీల్స్‌లో పాత స్టేషన్ అసలు మిగల్లేదు. అక్కడిప్పుడున్నది బస్సూ రైలూ ఒకేచోట దొరికే అద్దాల భవనం. అందులో చరిత్ర వెతక్కండి. దక్షిణాన రైలు రాని విట్రోప్ దగ్గర ఔత్సాహికులు సొంతంగా కొద్దిపాటి పట్టాలు వేసుకొని, పాత పెట్టెలు తెచ్చిపెట్టుకొని కాపాడుతున్నారు.

2015 సెప్టెంబరు 6న పాసింజర్ రైళ్లు మొదలయ్యాయి. 9న ఎలిజబెత్ రాణి ‘యూనియన్ ఆఫ్ సౌత్ ఆఫ్రికా’ అనే ఆవిరి ఇంజిన్ లాగిన రైల్లో ట్వీడ్‌బ్యాంక్ దాకా వచ్చి అధికారికంగా తెరిచింది. విక్టోరియా రాణిని దాటి బ్రిటన్‌ను ఎక్కువ కాలం ఏలిన రాణిగా ఆమె రికార్డు కెక్కింది సరిగ్గా ఆ రోజే. సంతకాలు పోగేసిన మ్యాడ్జ్ ఎలియట్ పేరును ఒక సరుకు రవాణా ఇంజిన్‌కు పెట్టారు.

ఇక లెక్కలు. మొదటి ఆరు నెలల్లో దాదాపు ఏడు లక్షల మంది ఎక్కారు. మొత్తమ్మీద అంచనా కంటే ఎక్కువే. స్టేషన్ల వారీగా చూస్తేనే నిపుణుల పరువు పోయేది. ట్వీడ్‌బ్యాంక్‌లో ఆరు నెలలకు సుమారు 19 వేల మంది వస్తారనుకున్నారు, లక్షా 83 వేలు దాటారు. షాఫెయిర్‌లో ఎగబడతారనుకుంటే అంచనాలో చిన్న ముక్కే వచ్చారు. అక్కడ రావాల్సిన కొత్త టౌన్‌షిప్ అప్పటికింకా పూర్తిగా లేవనేలేదు మరి. నగరానికి దగ్గరివాళ్లే రైలెక్కుతారు, దూరం కొండల్లోవాళ్లు కారు వదలరు అన్న ఊహ తలకిందులైంది. 1961లో ఆ కొండల జనాన్ని లెక్కించి రైలు అక్కర్లేదన్నారు. 2015కు ముందు మళ్లీ లెక్కించి అంతగా ఎక్కరన్నారు. రెండుసార్లూ తక్కువే చూశారు. ఆ తక్కువ చూపు కాంక్రీటులోనూ మిగిలిపోయింది. ఖర్చు తగ్గించుకోవడానికి లైనులో ఎక్కువభాగం సింగిల్ ట్రాకే వేశారు. కొత్త వంతెనలు కొన్ని ఒక్క ట్రాకుకే సరిపడా కట్టారు. ఒక రైలు ఆలస్యమైతే ఎదురు రైలూ ఆగాలి. డబ్లింగ్ చేయాలంటే ఆ వంతెనల్ని మళ్లీ తిరగేయాలి. మొదట్లో రెండు పెట్టెల రైళ్లలో జనం నిలబడి వెళ్లారు.

మన దగ్గర ఇలాంటి కథ కాకినాడ–కోటిపల్లి లైనుది. 1928లో రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా వేసిన 45 కిలోమీటర్ల లైనును రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పీకేశారు. లోక్‌సభ స్పీకర్‌గా జి.ఎం.సి. బాలయోగి పట్టుబట్టడంతో పునరుద్ధరణ పట్టాలెక్కింది. ఆయన 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు, రైలు 2004లో వచ్చింది. వచ్చింది గానీ చాలా ఏళ్లు ఆ దారిన తిరిగింది ఒంటిపెట్టె రైలుబస్సు. అక్కడ ఉద్యోగానికి అరగంటకో రైలు, ఇక్కడ సరదాకు తిరిగిన ఒక బండి. పట్టాలు రెండుచోట్లా మళ్లీ పడ్డాయి, టైమ్‌టేబుల్ ఒకచోటే పడింది. కోటిపల్లి నుంచి కోనసీమ దాటి నరసాపురం చేరాల్సిన పొడిగింపు గోదావరి పాయల మీద వంతెనల దగ్గరే ఏళ్లుగా నడుస్తోంది.

గాలషీల్స్‌లో ఇప్పుడు ‘గ్రేట్ టాపెస్ట్రీ ఆఫ్ స్కాట్లాండ్’ ప్రదర్శనశాల ఉంది. ఆ దేశ చరిత్రను సుమారు వెయ్యిమంది కుట్టుపనివాళ్లు 160 పలకల మీద దారంతో కుట్టిన పని అది. మొదట ట్వీడ్‌బ్యాంక్‌లో పెడదామనుకొని, తర్వాత ఊరి నడిబొడ్డుకు మార్చి 2021లో తెరిచారు. ట్వీడ్ నేసిన ఊళ్లో ఆ కుట్టుపని కుదిరినట్టే ఉంది. రైలు రాకపోతే దాన్ని గాలషీల్స్‌లో పెట్టే ధైర్యం ఎవరూ చేసేవాళ్లు కారని నా అనుమానం.

కార్లైల్ దాకా మిగతా లైనూ వేయాలని ప్రచార సంఘం ఇంకా తిరుగుతూనే ఉంది. సరిహద్దు ప్రాంతాల అభివృద్ధి కోసం 2021లో కుదిరిన ఒప్పందంలో సాధ్యాసాధ్యాల అధ్యయనానికి కోటి పౌండ్లు కేటాయించారు. ట్వీడ్‌బ్యాంక్ దాటితే ముందు తగిలేది మెల్‌రోజ్ బైపాస్. ఆ తర్వాత హావిక్‌లో క్రీడాకేంద్రం, టీవియట్ నది మీద ఎప్పుడో కూల్చేసిన వంతెన. వాటిని దాటితే విట్రోప్ ఎక్కుడు.